డెల్టాలో ఫ్రిజ్ కాపురం: పెట్టే చోటు నుంచి వరద రోజుల దాకా

పోయిన శ్రావణంలో మా తోడికోడలు ఇంట్లో పులస ముక్కల డబ్బా ఫ్రిజ్ డీప్‌లో, అంటే ఐసు గడ్డకట్టే అరలో, మంచుకి అతుక్కుపోయింది. చుట్టాలు వచ్చేశారు, పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతోంది. కంగారులో కూరగాయల కత్తి మొనతో మంచు పెకలించింది. "స్‌స్‌"మని చిన్న చప్పుడు. డబ్బా ఊడి వచ్చింది గానీ, సాయంత్రానికి లోపల చల్లదనమే లేదు. మర్నాడు వచ్చిన మెకానిక్ చెయ్యి పెట్టి చూసి, "గ్యాసు పోయిందండి. డీప్ గోడలోనే గొట్టం ఉంటదండి, దానికి బెజ్జం పడింది, ఆయ్" అన్నాడు.

ఫ్రిజ్ పోయినందుకు కాదు నాకు భయం వేసింది. ఇప్పుడు వస్తున్న ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే గ్యాసు ఐసోబ్యూటేన్, అంటే ఆర్-600ఏ. వంటగ్యాసు జాతిదే, నిప్పు అంటుకుంటుంది. పక్కనే పొయ్యి వెలుగుతోంది ఆ వేళ. ఇలాంటిది మీ ఇంట్లో జరిగితే ముందు పొయ్యి ఆర్పండి, కిటికీలు తలుపులు తెరవండి, దగ్గర్లో ఏ స్విచ్చూ వెయ్యొద్దు, తియ్యొద్దు, మనుషుల్ని బయటికి పంపండి. గాలి బాగా ఆడాకే మెకానిక్‌ని లోపలికి రానివ్వండి. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాసుందో లోపలి స్టిక్కర్ మీదో, వెనక కంప్రెసర్ మీదో రాసి ఉంటుంది. మంట బొమ్మ ఉన్న పసుపు త్రికోణం కనిపిస్తే అది మండే గ్యాసే.

మాది కోనసీమలో గోదారి గట్టుకి దగ్గర ఊరు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, ఇంట్లో చేపలూ రొయ్యలూ ఎక్కువ, కరెంటుకి నిలకడ తక్కువ, వానాకాలం వస్తే నీళ్ళ భయం ఉండనే ఉంది. ఫ్రిజ్‌తో వచ్చే పుస్తకంలో ఇవన్నీ ఒకచోట దొరకవు. అందుకే మా ఇంట్లో పాటించే పద్ధతిని వరసగా రాస్తున్నాను. ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఫ్రిజ్ దేన్నీ బాగు చెయ్యదు. పాడవడాన్ని నెమ్మదిస్తుంది, అంతే. సగం చెడిన చేపని లోపల పెడితే సగం చెడిన చేపే బయటికి వస్తుంది.

1. చోటు

పొయ్యి పక్కన, పడమటి ఎండ పడే కిటికీ ఎదురుగా పెట్టొద్దు. వెనకా పక్కలా కనీసం బెత్తెడు ఖాళీ వదలండి. మీ మోడల్ పుస్తకంలో ఇంకా ఎక్కువ చెబితే అదే లెక్క. లోపలి వేడిని బయటికి తోసేయడమే ఫ్రిజ్ చేసే పని. ఆ వేడి పోయే దారి మూస్తే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కొత్త మోడళ్ళలో వేడి గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి కాబట్టి పక్కలు వెచ్చగా తగలడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆ పక్కల మీద గుడ్డ కవర్లు వేలాడదీయొద్దు.

మనవైపు వంటిల్లు బకెట్లతో నీళ్ళు పోసి కడుగుతాం. అందుకని గట్టి స్టాండు తప్పనిసరి. ముందు కాళ్ళు వెనకవాటికన్నా కాస్త ఎత్తుగా తిప్పి ఉంచితే తలుపు తనంతట తాను మూసుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పడుతుంది. ప్లగ్గు తీసి, నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరేలా తుడవండి.

2. కరెంటు

ఫ్రిజ్‌కి దాని సొంత త్రీపిన్ సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, మిక్సీతో కలిపి ఒకే ప్లగ్గులో పెట్టడం అసలు వద్దు. మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నులతో నడిపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ మూడోదే ఎర్త్. అది లేకపోతే రేకులోకి వచ్చిన కరెంటుకి దారి మన ఒళ్ళే అవుతుంది, అందులోనూ తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడినప్పుడు.

తలుపు పట్టుకుంటే "జిల్లు"మంటోందని నవ్వుతూ చెప్పేవాళ్ళని చూశాను. అది నవ్వే విషయం కాదు. తాకడం ఆపి, మెయిన్ బోర్డులో ఎమ్‌సీబీ దించి, ఆ తర్వాతే ప్లగ్గు తియ్యండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసేదాకా మళ్ళీ పెట్టొద్దు. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి. కరెంటు పక్కదారి పట్టగానే అది రెప్పపాటులో సరఫరా తెంపేస్తుంది. దాని మీద ఉండే చిన్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడాలి. నొక్కగానే దాని మీట కింద పడాలి, పడకపోతే మార్పించాలి.

వోల్టేజి సంగతి. మా వీధిలో సాయంత్రం ట్యూబులైటు మిణుకుమిణుకుమంటుంది. అదే సమయంలో ఫ్రిజ్ వెనక గుర్రుమని మూలిగి, "టక్"మని ఆగి, కాసేపటికి మళ్ళీ మూలిగితే కంప్రెసర్ తిరగడానికి బలం చాలడం లేదని అర్థం. ఆ మూలుగు అలాగే సాగనిస్తే కంప్రెసర్ మోటారులోని తీగచుట్ట (వైండింగ్) కాలుతుంది. స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం) ఉన్నవాటికి స్టెబిలైజర్ అక్కర్లేదని అమ్మేటప్పుడు చెబుతారు. అది ఎంత వోల్టేజి నుంచి ఎంత దాకానో పుస్తకంలో రాసి ఉంటుంది, చదవండి. మీ వీధి వోల్టేజి ఆ హద్దు దాటుతుంటే స్టెబిలైజర్ కొనాల్సిందే. కరెంటు వచ్చిన కొన్ని నిమిషాల తర్వాతే ఫ్రిజ్‌ని కలిపే రకం తీసుకోండి. అది లేనివాళ్ళు కరెంటు పోగానే స్విచ్ ఆపి, వచ్చాక 5 నిమిషాలు ఆగి వేస్తే చాలు. వీధి మొత్తానికి వోల్టేజి పడిపోతుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

3. చల్లదనం కొలవడం

నాబ్ మీది 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. మామూలుగా అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. కింది భాగం 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, డీప్ మైనస్ 18 ఉండాలి. ఫ్రిజ్ థర్మామీటరు ఖరీదైన వస్తువేం కాదు, ఒకటి కొనండి. గ్లాసుడు నీళ్ళలో దాన్ని ఉంచి, మధ్య అరలో రాత్రంతా వదిలి, పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చూడండి. రోహిణి కార్తెలో ఒక అంకె పెంచాలి, సంక్రాంతి చలిలో తగ్గించాలి. మార్చిన ప్రతిసారీ మర్నాడు కొలవండి.

తలుపు రబ్బరు పట్టు కూడా ఇప్పుడే చూసుకోండి. కాగితం ముక్క రబ్బరుకీ ఫ్రేముకీ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. బిగుతుగా రావాలి. సులువుగా జారితే అక్కడినుంచి మన తేమగాలి లోపలికి పోతోందన్నమాట. డీప్‌లో వారానికే గుట్టలుగా మంచు పేరుకుపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

4. ఏ అరలో ఏది

వండినవి పైన, పచ్చి చేప, మాంసం కింద. కింద అంటే మూతున్న డబ్బాలో, ఆ డబ్బా ఒక పళ్ళెంలో. పచ్చి చేప నీరు బొట్టు పెరుగు గిన్నెలో పడితే ఆ పెరుగు ఇక పనికిరాదు. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చగా ఉండే చోటు, తీసిన ప్రతిసారీ బయటి గాలి ముందు తగిలేది వాటికే. పాలు అక్కడ పెట్టకండి, నీళ్ళ సీసాలూ సాస్‌లూ పెట్టండి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళుంటే, ఇంకా తెరవని సీసాలకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. తలుపులో వద్దు, డీప్‌కి ఆనుకుని వద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా సరిగ్గా పనిచేస్తుందని నమ్మలేం, పారెయ్యాల్సిందే. మా మామయ్యగారి మందుల డబ్బా మధ్య అరలో ఒక మూలకి ఉంటుంది. పిల్లలెవరూ దాన్ని కదపరు.

5. చేపలు, రొయ్యలు

ఈ భాగం కాస్త పెద్దదే. మనిళ్ళలో ఫ్రిజ్ తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

చేప చచ్చిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినప్పటి నుంచి కాదు. ఇల్లు దూరమైతే కొట్టులోనే కాస్త ఐసు అడిగి సంచిలో వేయించుకోండి. బండి హ్యాండిల్‌కి తగిలించి ఎండలో తిప్పుతూ, దారిలో ఇంకో రెండు పనులు చూసుకుని రావద్దు. ఇంటికి రాగానే పేగులు తీసి, కడిగి, నీళ్ళు ఓడ్చి, వెడల్పు డబ్బాలో ఒకే వరసగా పరిచి కింద అరలో పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వండేయాలి. అంతకుమించితే డీప్.

డీప్‌లో పెట్టేటప్పుడు ఒక్కపూటకి సరిపడా ముక్కలు ఒక కవర్‌లో వేసి, గాలంతా నొక్కి తీసి, పలచగా పరిచి, తేదీ రాసి పెట్టండి. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. మూడు కిలోల రొయ్యలు ఒకే ముద్దగా పెడితే, అర కిలో కావాల్సి వచ్చినప్పుడు మొత్తం కరిగించాలి. కత్తి పట్టుకోవాల్సిన అవసరం పుట్టేది అక్కడే. రొయ్యలు తలలు తీసి, పొట్టు ఒలవకుండా పెడితే ఎక్కువ రోజులు బాగుంటాయి. పులస కొవ్వు చేప. కొవ్వు చేపలు డీప్‌లో కూడా రెండు మూడు నెలలకి పాత నూనె వాసన పట్టేస్తాయి. అంత ధర పెట్టి కొన్నదాన్ని కార్తీకం దాకా దాచుకోవాలనుకోవడం నాకైతే అన్యాయమనిపిస్తుంది. కొరమేను, శీలావతి కొవ్వు తక్కువవి, అవి ఇంకొన్నాళ్ళు ఆగుతాయి.

కానాగంతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కానాగంత, ట్యూనా లాంటి చేపల్ని చల్లదనం లేకుండా వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా, వేయించినా, డీప్‌లో పెట్టినా అది పోదు. తిన్న కొద్దిసేపట్లోనే మొహం ఎర్రబడడం, దురద, తలనొప్పి, గుండెదడ వస్తాయి. చాలామంది "నాకు చేప పడదు" అనుకుంటారు. ఊపిరి కష్టమైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వాసన మామూలుగానే ఉన్నా ఇలా జరగొచ్చు కాబట్టి, ఐసు లేకుండా గంపలో ఎండకి ఉన్న కానాగంతలు ఎంత చవకైనా కొనకండి.

కరిగించడం: ముందురోజు రాత్రే డీప్ నుంచి తీసి కింద అరలో పళ్ళెంలో పెట్టండి. తొందరైతే నీరు చొరని కవర్‌లో కట్టి చల్లటి నీళ్ళ గిన్నెలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి. పొద్దున్నే సింకు గట్టు మీద పడేసి మధ్యాహ్నం వండడం మనవైపు అలవాటు. మన ఎండకి లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైపొర పాడవడం మొదలెడుతుంది. అలా బయట కరిగిన పచ్చి ముక్కల్ని తిరిగి డీప్‌లో పెట్టకూడదు.

6. అన్నం, కూరలు

వండినవి రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. బయట 32 డిగ్రీలు దాటిన రోజున గంటలోనే. అంటే మనకి ఏడాదిలో చాలా నెలలు గంట లెక్కే. "పూర్తిగా చల్లారాకే పెట్టాలి" అని మా అత్తయ్య పట్టుబట్టేవారు. కుండెడు కూర చల్లారాలంటే నాలుగు గంటలు పడుతుంది. ఇద్దరం ఒక దారికి వచ్చాం: గిన్నెని చన్నీళ్ళ బేసిన్‌లో ఉంచి కలుపుతాం, తర్వాత రెండు మూడు వెడల్పు గిన్నెల్లోకి సర్దుతాం. చేతికి గోరువెచ్చగా ఉంటే చాలు, మూత పెట్టి లోపల పెట్టేస్తాం. పొగలు కక్కే గిన్నె పెట్టొద్దు, ఆ ఆవిరంతా లోపల నీరవుతుంది.

అన్నం అమాయకంగా కనిపిస్తుంది గానీ దాంట్లో ఉండే ఒక బాక్టీరియా, బాసిల్లస్ సీరియస్, బీజాల రూపంలో ఉడికినా చావదు. వెచ్చగా గంటలకొద్దీ వదిలేస్తే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం విరగదు. రాత్రి మిగిలిన అన్నం వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటితో ముగించండి. కూరలు మూడు రోజులు, మహా అయితే నాలుగు. పులస పులుసు మర్నాడే రుచి అంటారు, నిజమే. అయినా రాత్రంతా గట్టు మీద ఉంచక్కర్లేదు, ఫ్రిజ్‌లోనూ ముక్కకి పులుసు పడుతుంది. తినేంతే విడిగా తీసి, బుడగలు వచ్చేలా ఒక్కసారి మరిగించండి.

7. లోపల పెట్టనక్కర్లేనివి

అరటిపళ్ళు నల్లబడతాయి. పండని మామిడికాయ పండదు. ఉల్లి, బంగాళాదుంప గాలాడే బుట్టలో బాగుంటాయి. పూతరేకులకి తేమే శత్రువు, గాలి చొరని డబ్బాలో బయటే ఉంచండి. ఆవకాయ జాడీలోనే హాయిగా ఉంటుంది, తడి గరిటె తగలనంత వరకూ. కొట్టిన కొబ్బరి చిప్ప మాత్రం బయట ఒక్కరోజుకే జిగురు వస్తుంది. మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా కోరి చిన్న పొట్లాలుగా డీప్‌లో. తోటకూర, పాలకూర కడగకుండా పొడి నూలుగుడ్డలో చుట్టి కింద ట్రేలో పెట్టండి, పండిన పళ్ళకి దూరంగా. పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకి ఆకు త్వరగా పసుపెక్కుతుంది.

8. మంచు, శుభ్రం, వెనక ట్రే

డైరెక్ట్ కూల్ ఫ్రిజ్ (మంచు మనమే కరిగించాల్సిన రకం) అయితే మంచు చిటికెన వేలు మందానికి రాకముందే కరిగించాలి. నాబ్ మధ్యలో బటన్ నొక్కండి, లేదా ప్లగ్గు తీసి తలుపు తెరిచి ఉంచండి. త్వరగా కావాలంటే వేడినీళ్ళ గిన్నె ఒక మందపాటి గుడ్డ మీద లోపల ఉంచండి. కత్తి, స్క్రూడ్రైవర్, గరిటె కాడ, ఏదీ వద్దు. అట్టపెట్టెలో ఐసు వేసి సామాన్లు అందులో పెట్టుకుంటే తొందర పుట్టదు. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఈ పని ఉండదు. కూరగాయల ట్రే కింద నీళ్ళు నిలిస్తే, నీళ్ళు బయటికి పోయే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు, అది కనిపించే చోట ఉంటే. దూది చుట్టిన పుల్లతో మెల్లగా శుభ్రం చేసి, గోరువెచ్చని నీళ్ళు కొంచెం పొయ్యండి.

నెలకోసారి ప్లగ్గు తీసి, లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి లోపలంతా తుడవండి. రబ్బరు మడతల్లో వానాకాలం నల్ల బూజు పడుతుంది, పాత టూత్‌బ్రష్ దానికోసం దాచుకోండి. వానాకాలంలో తలుపు బయట చెమట పట్టినట్టు నీటిబొట్లు కనిపిస్తే అది గాలిలో తేమే, తుడిస్తే చాలు.

అందరూ మరిచిపోయేది వెనక, కంప్రెసర్ మీద ఉండే నీళ్ళ ట్రే. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నిలవనీళ్ళలోనే. ఊళ్ళో కొబ్బరి చిప్పలూ పాత టైర్లూ ఏరించి, ఇంట్లో ఈ ట్రేని వదిలేస్తాం. వారానికోసారి, ప్లగ్గు తీసి, నీళ్ళు పారబోసి, గోడలు రుద్ది కడిగి పెట్టండి. గుడ్లు ట్రే అంచులకి అతుక్కుని ఉంటాయి కాబట్టి పారబోస్తే సరిపోదు, రుద్దాలి. ఊడిరాని ట్రే అయితే గుడ్డతో పీల్చి తుడవాలి. అదే చేత్తో బల్లులూ ఎలుకలూ దూరి తీగలు కొరికాయేమో ఒక చూపు చూడండి.

9. కరెంటు పోతే

తలుపు తియ్యకుండా ఉంటే కింది భాగం సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న డీప్ 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు. డీప్‌లో ఖాళీ ఉన్న ఇళ్ళు నీళ్ళ సీసాలు, పైన కాస్త వెలితి వదిలి, గడ్డకట్టించి పెట్టుకోండి. ఒక చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. ఊరెళ్ళి వచ్చాక బిళ్ళ అడుగున కనిపిస్తే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. ఇక ఆ చేపలూ మాంసం వాడకండి. వాసన చూసి, నాలుక మీద వేసుకుని తేల్చుకోవద్దు.

10. వరద, తుఫాను

1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమలో చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి కబురు వినగానే చెయ్యాల్సినవి: నాబ్ పూర్తి చల్లదనానికి తిప్పడం, నీళ్ళ సీసాలు గడ్డకట్టించడం, కొత్తగా చేపా మాంసం కొనకపోవడం, ఉన్నవి వండేసుకోవడం.

వరద అయితే మనకి ముందుగా తెలుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళు మొదటిదానికే సామాను సర్దడం మొదలెట్టండి. రెండోది ఎగరేశాక ఆలోచించొద్దు. ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపు తాడుతో కట్టి, నలుగురు పట్టి గట్టి బల్ల మీదికో, డాబా గదిలోకో ఎక్కించండి. నిలువుగానే మొయ్యాలి. పడుకోబెట్టక తప్పకపోతే, తిరిగి నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వెయ్యాలి. ఇంట్లోకి నీళ్ళు వచ్చాక మాత్రం ఫ్రిజ్ కోసం దిగొద్దు.

నీళ్ళు తీశాక ఒండ్రు కడిగేసి, ఎండబెట్టి, "చూద్దాం ఒకసారి" అని ప్లగ్గు పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. కంప్రెసర్, తీగల దాకా నీళ్ళు వచ్చిన ఫ్రిజ్‌ని మెకానిక్ విప్పి చూసి సరేనన్నాకే కలపాలి. గోడల్లోని ఫోమ్‌లోకి మురుగు దిగితే అది ఎండదు, వాసన పోదు, దాన్ని వదులుకోవడమే మంచిది. వరదనీరు తగిలిన తిండి, మూత ఉన్న డబ్బాలోదైనా, తినొద్దు.

వదులుకున్న ఫ్రిజ్‌ని చాలామంది గట్టు మీదో, పశువుల పాక పక్కనో పెట్టేస్తారు. దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరితే లోపల్నుంచి తలుపు రాదు, గాలీ ఉండదు. మరలు విప్పి తలుపు పూర్తిగా వేరు చేశాకే దాన్ని ఇంటి బయట పెట్టండి.